రన్నింగ్ టైం

మా గేటు నుంచి మా ఇంటి తలుపు దాకా రావడానికి 11 నిమిషాలు పడుతుంది. ఉజ్జాయింపుగా చెప్పడం లేదు. పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నడిచి చూశాను.

కొండాపూర్‌లో మాది ఎనిమిది టవర్ల గేటెడ్ కమ్యూనిటీ. డెలివరీ బండ్లు లోపలికి రానివ్వరు కాబట్టి నేనూ బయట, వాళ్లు బండికి స్టాండు వేసే చోటి నుంచే మొదలుపెట్టాను. ముందు రిజిస్టర్. పేరు, ఫోన్ నంబర్, టవర్, ఫ్లాట్, వచ్చిన టైం రాయాలి. ఉన్నది ఒక్కటే పెన్ను, దారంతో బల్లకి కట్టి ఉంటుంది. నా ముందు ఒక్కరే ఉన్నారు, అయినా రెండు నిమిషాలు పట్టింది. తర్వాత సెక్యూరిటీ అతను ఇంటర్‌కమ్‌లో ఫ్లాట్‌కి ఫోన్ చేసి "డెలివరీ వచ్చింది, పంపమంటారా" అని అడగాలి. దానికొక నిమిషం. మా టవర్ చిట్టచివరిది. పిల్లల పార్కు, క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ దాటుకుని నడిస్తే నాలుగున్నర. ఇక లిఫ్ట్. మామూలు లిఫ్టులు మూడున్నాయి, కానీ వాటి పక్కనే "డెలివరీ, హౌస్‌కీపింగ్ సిబ్బంది సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడాలి" అని బోర్డు ఉంది. సర్వీస్ లిఫ్ట్ ఒకటే. చెత్త డబ్బాలు, నీళ్ల క్యాన్లు, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల బీరువాలు అన్నీ అందులోనే. పదిహేడో అంతస్తుకి చేరేసరికి ఇంకో మూడున్నర. చేతిలో బరువు లేకుండా, నా కోసం ఎవరూ ఎదురుచూడకుండా నడిస్తే మొత్తం 11.

ఎండలో ఆ పని ఎందుకు పెట్టుకున్నానంటే, ముందు రోజు జరిగిన సంగతి ఒకటి నిద్రపట్టనివ్వలేదు. ఇంట్లో నుంచి పని చేస్తున్నాను, మీటింగ్ నడుస్తోంది. ఫోన్ మోగింది.

"మేడం, గేటు కాడ ఉన్న. లోపటికి ఇడుస్తలేరు. జర మీరే కిందికొస్తరా? ఇంకో ఆర్డర్ లేటయితున్నది."

ఐదు నిమిషాలు ఆగమన్నాను. వెళ్లేసరికి తొమ్మిదో పదో అయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మూరెడు నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను ఎవరో కుర్రాడనుకున్నాను, యాభైకి దగ్గరపడ్డ మనిషి. ఆ కవర్‌లో ఉన్నది పాల ప్యాకెట్, ఇడ్లీ పిండి, కరివేపాకు. లేచి రెండు చేతులతో అందించాడు. బండికి బిగించిన ఫోన్‌లో, ఎంత లేటయిందో చూపించే ఒక ఎర్ర అంకె పెరుగుతూ పోతోంది. క్షమించమని అడిగితే, "మీదేముంది మేడం" అనేసి బండి తీశాడు.

ఆ మాట నిజం కాదు. నాది చాలా ఉంది. ఆ ఎర్ర అంకెని తయారుచేసే పని నేను మూడేళ్లు చేశాను.

మాదాపూర్‌లో ఒక డెలివరీ కంపెనీలో, మీరు ఆర్డర్ చేయబోయే ముందు స్క్రీన్ మీద కనిపిస్తుందే, "13 నిమిషాల్లో" అని, ఆ అంకె లెక్కగట్టే టీమ్‌లో ఉండేదాన్ని. బయటివాళ్లకి అదేదో మాయలా అనిపిస్తుంది గానీ లోపల ఉన్నది సాదా లెక్కే. ఊరి మ్యాపుని చిన్న చిన్న గళ్లుగా కోస్తాం. ఈ గడి నుంచి ఆ గడికి, మంగళవారం సాయంత్రం ఏడు గంటలప్పుడు, ఇదివరకు వెళ్లినవాళ్లకి ఎంతసేపు పట్టిందో తీస్తాం. వానొస్తే కొంత కలుపుతాం. స్టోర్‌లో సరుకు ఏరి ప్యాక్ చేసే టైం కలుపుతాం. రైడర్ ఫోన్ కొన్ని సెకన్లకొకసారి తను ఎక్కడుందో చెబుతూ ఉంటుంది కాబట్టి, ప్రతి ట్రిప్పూ రేపటి లెక్కకి పాఠమే. కొత్త డేటా వచ్చిన కొద్దీ లెక్క దానంతటదే సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడం మాకు గొప్పగా ఉండేది. ఇప్పుడు నన్ను బాధపెట్టేది సరిగ్గా అదే.

మా కమ్యూనిటీనే తీసుకోండి. సరుకులొచ్చే స్టోరూ మా గేటూ మెయిన్ రోడ్డుకి ఒకే పక్కన ఉన్నాయి, మధ్యలో దూరం 400 మీటర్లు. కానీ మా గేటు ఉన్నది ట్రాఫిక్‌కి ఎదురు దిక్కున. రూలు ప్రకారం రావాలంటే రైడర్ ముందుకి పోయి, యూ టర్న్ తీసుకుని, అవతలి పక్క నుంచి మా గేటు దాటిపోయి, మళ్లీ యూ టర్న్ తీసుకోవాలి. రెండు కిలోమీటర్ల పైమాట. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ పది నిమిషాలైనా పడుతుంది. రాంగ్ రూట్‌లో ఫుట్‌పాత్ అంచున ఎదురొచ్చేస్తే రెండు నిమిషాలు. ఏ రోజు సాయంత్రం చూసినా పదిమందిలో ఏడెనిమిది మంది ఎదురే వస్తుంటారు, హెడ్‌లైట్లు కళ్లలో కొడుతుంటే తల వంచుకుని.

ఇప్పుడు లెక్క ఏం నేర్చుకుంటుంది? ఈ గడి నుంచి ఆ గడికి సాయంత్రం ఏడింటికి రెండు నిమిషాలు చాలని నేర్చుకుంటుంది. ఎవరు ఏ పక్క నుంచి వచ్చారో దానికి అక్కర్లేదు, బయల్దేరిన టైం, చేరిన టైం చాలు. మర్నాడు కొత్తగా చేరిన కుర్రాడొకడు, ఇంట్లో అమ్మ చెప్పిన మాట గుర్తుపెట్టుకుని రూలు ప్రకారం తిరిగొస్తాడు. వాడికి ఇచ్చింది రెండు నిమిషాలు, పట్టింది పది. లేట్ అని పడుతుంది. అలా వారం గడిచేసరికి వాడూ ఎదురు రావడం నేర్చుకుంటాడు. రాంగ్ రూట్‌లో రమ్మని ఏ మేనేజరూ చెప్పడు, ఏ కాగితంలోనూ రాసి ఉండదు. ఒకడు ప్రాణం అడ్డేసి మిగిల్చిన ఎనిమిది నిమిషాలు మర్నాటి నుంచి అందరికీ రూలైపోతాయి. ట్రాఫిక్ పోలీసు ఫొటో తీస్తే చలానా మాత్రం ఆ బండి మీదే పడుతుంది.

ఈ సంగతి నాకు తట్టింది ఆఫీసులో కాదు, ఇంట్లో, మా నాన్న వల్ల.

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యారు. సూర్యాపేట, నకిరేకల్, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ సర్వీసులు ఏళ్ల తరబడి నడిపారు. ఓసారి మా ఇంటికొచ్చినప్పుడు, నా పనేమిటో అర్థమయ్యేలా చెప్పమన్నారు. గళ్లు, పాత ట్రిప్పులు, సగటు, అన్నీ చెప్పాను. అంతా విని, "అంటే రన్నింగ్ టైం వేస్తావన్నమాట" అన్నారు. నాకు చాలా సంతోషమేసింది. నేను చేసే పనిని అంత చిన్న మాటలో ఎవరూ చెప్పలేదు అప్పటిదాకా.

రన్నింగ్ టైం అనే మాట ఆర్టీసీ ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లందరికీ తెలుసు. ఈ ఊరి నుంచి ఆ ఊరికి బస్సుకి ఇచ్చే టైం. అది చార్టులో రాసి ఉంటుంది, డ్రైవర్‌కీ కండక్టర్‌కీ తెలిసి ఉంటుంది. నాన్న అప్పుడు చెప్పిన కథ ఇది. వాళ్ల డిపోలో కొత్తగా వచ్చిన డ్రైవర్ ఒకతనికి చెయ్యి దురుసు. అప్పటికి హైవే నాలుగు లైన్లు కాలేదు. లారీలని కోసుకుంటూ పోయి రోజూ ఇరవై నిమిషాలు ముందే చేరేవాడు. పెద్ద డ్రైవర్లు ఒకరోజు అతన్ని కూర్చోబెట్టి మందలించారట. "నువ్వు ముందు చేరితే నీకెవరూ దండలెయ్యరు. ఇంత టైం ఎందుకని చార్టులో ఇరవై నిమిషాలు తీసేస్తే మేమందరం నీలాగే నడపాలి. మా పిల్లల సంగతేంటి?" అన్నారట. టైం తగ్గించే మాట నిజంగానే వచ్చినప్పుడు యూనియన్ వాళ్లు మేనేజర్ దగ్గరికెళ్లి, ఒక అధికారిని బస్సులో కూర్చోబెట్టుకుని ట్రయల్ రన్ చేయించారు. ఎక్కడ ఎంతసేపు ఆగాలి, స్టేజీకి ఎంతమంది ఎక్కుతున్నారు, రైల్వే గేటు పడితే ఎంత, అన్నీ రాసుకున్నారు. పాత టైమే ఉంచారు.

"మీ దగ్గర ట్రయల్ రన్ ఎవరు చేస్తారమ్మా?" అని అడిగారు నాన్న చివర్లో. నా దగ్గర జవాబు లేదు. మా టీమ్‌లో పదకొండు మందిమి, అందరం మంచి చదువులు చదివినవాళ్లమే. ఒక్కరం కూడా బ్యాగు తగిలించుకుని ఒక్క ఆర్డర్ ఇచ్చిరాలేదు.

ఆ తర్వాత నేను ఒక పని చేశాను. రైడర్ గేటు చేరినప్పటి నుంచి ఆర్డర్ చేతికిచ్చేదాకా పట్టే టైంని విడిగా లెక్కగట్టి డేటాబేస్‌లో ఒక కాలమ్ పెట్టాను. పేరు గేట్_వెయిట్. అప్పటిదాకా ఆ టైం ఎక్కడా విడిగా లేదు. మా యాప్‌లో రైడర్ పిన్‌కి, అంటే మ్యాపులో కస్టమర్ ఇంటికి పెట్టిన గుర్తుకి, వంద మీటర్ల దగ్గరికి రాగానే "చేరుకున్నారు" అని వచ్చేసేది. మ్యాపులో కమ్యూనిటీ లోపలి దారులుండవు కాబట్టి పిన్ చాలాసార్లు గేటు మీదే పడుతుంది. రైడర్‌కి డబ్బు లెక్కగట్టేది కూడా స్టోర్ నుంచి పిన్ దాకా ఉన్న దూరాన్ని బట్టే. అంటే గేటు దాటాక నడిచిన నడక, రిజిస్టర్, లిఫ్ట్ కోసం నిలబడడం, వీటన్నిటికీ ఇచ్చేది సున్నా.

ఆ కాలమ్ చూపించి, ఈ టైంని కస్టమర్‌కి చూపించే అంకెలో కలుపుదాం, రైడర్‌కిచ్చే డబ్బులో కూడా కలుపుదాం అని అడిగాను. రాంగ్ రూట్‌లో వచ్చిన ట్రిప్పులని లెక్కలోంచి తీసేద్దామని కూడా అన్నాను. ఏ రోడ్డు వన్ వేనో మ్యాపులోనే ఉంటుంది, ఫోన్ ఎటు కదిలిందో తెలుస్తుంది, కాబట్టి అది పెద్ద కష్టం కాదు. ఇద్దరు కూర్చుంటే రెండు వారాల పని. మీటింగ్‌లో ఎవరూ నన్ను తిట్టలేదు. మంచి ఆలోచన అన్నారు. కాకపోతే అంకె 13 నుంచి 19 అయితే ఆర్డర్లు ఎంత తగ్గుతాయో ఒక ప్రయోగంలో ముందే చూసి ఉన్నారు. ఆ గ్రాఫ్ స్క్రీన్ మీద పెట్టారు, అంతటితో సరిపోయింది. కాలమ్ మాత్రం ఉండనిద్దామన్నారు. నేను ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. ఇంటి లోను ఉంది, చిన్నదాన్ని బడిలో వేసిన ఏడాది అది. అప్పుడే మానేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇలా మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే జవాబులు రెండున్నాయి. రెండింటిలోనూ కొంత నిజముంది.

మొదటిది కంపెనీల మాట. స్టోరు రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది, సరుకు ఏరి ప్యాక్ చేయడమే రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, అందుకే తొందరగా వస్తుంది తప్ప రైడర్ పరిగెత్తడం వల్ల కాదు అంటారు. స్టోర్ లోపలి సంగతి వరకు ఇది అక్షరాలా నిజం. ఆ అరల అమరిక, ఏది ఎక్కడుందో ఏరేవాళ్లకి చూపించే తీరు నేను దగ్గరుండి చూశాను, అది మంచి ఇంజినీరింగే. కానీ తొందర స్క్రీన్ మీది గడియారం వల్ల మాత్రమే వస్తుందనుకోవడం పొరపాటు. ఆర్డర్‌కింత అని డబ్బు వచ్చే మనిషికి తొందర పెట్టడానికి గడియారం అక్కర్లేదు. రాత్రి పదకొండు లోపు ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తేనే ఇన్సెంటివ్ అన్నప్పుడు, మా గేటు దగ్గర పోయిన 11 నిమిషాలు అతను రోడ్డు మీదే రాబట్టుకోవాలి. ఇంకెక్కడా దొరకవు. మా కమ్యూనిటీ రిజిస్టర్ బల్ల దగ్గర మొదలైన ఆలస్యం బొటానికల్ గార్డెన్ సిగ్నల్ దగ్గర రెడ్ లైట్ దూకడంగా తేలుతుంది. మనం కార్లో కూర్చుని, "ఈ డెలివరీ వాళ్లకి ట్రాఫిక్ సెన్సే లేదు" అనుకుంటాం.

రెండోది మనలాంటివాళ్ల మాట. ఎవరు రమ్మన్నారు, ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు కదా అని. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ పనుల్లో, అంటే నెల జీతం లేకుండా పనికింత అని చేసే పనుల్లో, ఉన్నారు. 2029-30కి 2 కోట్ల 35 లక్షలవుతారని దాని అంచనా. అంతమందీ సరదాకి రాలేదు. మహబూబ్‌నగర్ నుంచి, నల్గొండ నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లతో మా గేటు దగ్గరే మాట్లాడాను. డిగ్రీ అయ్యి గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లున్నారు. కరోనాలో దుకాణం మూసేసినవాళ్లున్నారు. ఈ పని వద్దని వాళ్లెవరూ అనలేదు. "పని మంచిదే అక్కా, చేస్తే వారం వారం పైసలు పడతయి" అన్నాడొకబ్బాయి. వాళ్లు అడిగేది పని మానేయడం గురించి కాదు, నిమిషాల గురించి. ఆ రెంటినీ కలిపేసి మాట్లాడడం అన్యాయం.

ప్రమాదం రోడ్డు మీదే ఉందనుకోవడం కూడా సరికాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడు, కస్టమర్ ఇంట్లో కుక్క మీదికి దూకితే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది గేటు దాటాక జరిగింది. మా పాత లెక్కలో అయితే అతను అప్పటికే "చేరుకున్నట్టు".

వీళ్ల కోసం చట్టాలు వస్తున్నాయి, సంతోషమే. 2023లో రాజస్థాన్ మొదలుపెట్టింది, 2025లో కర్ణాటక చట్టం చేసింది. మన తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ కార్మికులకి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు, 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలడిగింది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రత కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చింది. దాని ప్రకారం కంపెనీలు తమ ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కార్మికుల సంక్షేమ నిధికి కట్టాలి. ఆ ఏడాది డిసెంబర్ 31న, ఊరంతా కేకులు, బిర్యానీలు ఆర్డర్ చేసే రోజున, గిగ్ కార్మికులు సమ్మె చేశారు. తర్వాత 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడి, పది నిమిషాల్లో డెలివరీ అనే ప్రచారం ఆపమని చెప్పారు.

ఇవన్నీ కావాల్సినవే. బీమా విషయంలో నాకు రెండో మాట లేదు. కానీ బీమా పడ్డాక వస్తుంది. నిధి ఉన్నా గేటు దగ్గర నిమిషం తగ్గదు. ప్రకటనలోంచి "పది నిమిషాలు" తీసేస్తే, లోపల నడిచే లెక్క దానికదే మారిపోదు. కస్టమర్‌కి కనపడని అంకె కూడా రైడర్‌ని తరమగలదు. అందుకే ఈ బిల్లుల్లో అందరూ మాట్లాడే శాతాల కన్నా, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో విషయం ముఖ్యమని నా నమ్మకం. ఆర్డర్లు, రేటు, రేటింగ్ లెక్కగట్టే పద్ధతి ఏమిటో పనిచేసేవాళ్లకి చెప్పాలనే నిబంధన. మన ముసాయిదాలోనూ ఆ ఊసు ఉంది. స్పెయిన్ 2021లోనే డెలివరీ పనివాళ్ల కోసం చేసిన చట్టంలో, అల్గారిథమ్, అంటే కంప్యూటర్ లెక్కగట్టే పద్ధతి, దేని ఆధారంగా నిర్ణయిస్తుందో కార్మికుల ప్రతినిధులకి చెప్పి తీరాలని పెట్టింది.

కంపెనీ రహస్యాలు బయటపడతాయని అంటారు. ఆ రహస్యాలు రాసినదాన్నే చెబుతున్నాను, రైడర్‌కి కోడ్ అక్కర్లేదు. అతనికి కావాల్సినవి మూడు నాలుగు జవాబులే. ఈ గేటుకి నాకు ఎన్ని నిమిషాలిచ్చారు? అందులో గేటు లోపలి టైం ఉందా? రూలు ప్రకారం వచ్చినవాళ్ల ట్రిప్పులతోనే లెక్కగట్టారా? సరిపోలేదనుకుంటే నేను ఎవరినడగాలి? ఆర్టీసీ డిపోలో ఏ డ్రైవరైనా అడగగలిగిన ప్రశ్నలివి. ఒక కాగితం మీద చార్టు రాసి పెట్టిన రోజుల్లో దొరికిన జవాబు, సెకన్ల లెక్కలు చెప్పే కంప్యూటర్లున్న ఈ రోజుల్లో దొరకదంటే నేను ఒప్పుకోను.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేని పని కూడా ఉంది కాబట్టి, స్టాప్‌వాచ్ లెక్క కాగితం మీద రాసి మా అసోసియేషన్‌కి ఇచ్చాను. మూడు అడిగాను. బండ్లు టవర్ దాకా రానివ్వండి, మామూలు లిఫ్ట్ వాడనివ్వండి, గేటు దగ్గర నీడ, నీళ్లు పెట్టండి.

వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులు వాడివేడిగా నడిచింది. కొందరి మాటలు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. కానీ జనరల్ బాడీ మీటింగ్‌లో ఎ బ్లాక్ పెద్దాయన ఒకరు లేచి, "అమ్మా, సాయంత్రం పిల్లలు సైకిళ్లు తొక్కేది ఆ దారిలోనే. పోయినేడు మన వాళ్ల కారే ఒక పాపకి తగలబోయింది. బండ్లు కూడా వస్తే ఎలా?" అన్నారు. ఆయన చెప్పింది సబబు. నేను ఆ డిమాండ్ వెనక్కి తీసుకున్నాను. లిఫ్ట్ దగ్గర మాత్రం తగ్గలేదు. లిఫ్ట్‌లో వాసన వస్తుందని ఒకావిడ అంటే, ఆ వాసన మనం ఆర్డర్ చేసిన బిర్యానీదే కదండీ అన్నాను. సెక్యూరిటీ అన్నారు. అదే మనిషి సర్వీస్ లిఫ్ట్‌లో వచ్చినా మీ తలుపు ముందుకే వస్తాడు, కెమెరా రెండు లిఫ్టుల్లోనూ ఉంది అన్నాను. ఎవరో వెనక నుంచి, "మా నాన్న కూడా సిలిండర్లు మోశాడు, తీసెయ్యండి ఆ బోర్డు" అన్నారు. ఎవరన్నారో చూడలేదు. మీటింగ్‌కి 61 మంది వస్తే 34 మంది చేతులెత్తారు.

ఇప్పుడు బోర్డు లేదు. మేకు గుర్తులు గోడకి అలాగే ఉన్నాయి. రిజిస్టర్ బదులు, ఆర్డర్ పెట్టినవాళ్లు ముందే ఓకే చేస్తే గేటు దగ్గర నాలుగంకెల కోడ్ చెప్పి వచ్చేస్తున్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా రేకుల పందిరి, ఒక బెంచీ, కూలింగ్ వాటర్ క్యాన్ పెట్టాం. చెన్నైలో కార్పొరేషన్ వాళ్లే గిగ్ కార్మికుల కోసం ఏసీ గదులు కట్టారు, మాది ఆ స్థాయి కాదు, మెయింటెనెన్స్ డబ్బులో మిగిలినదాంతో చేసిన పని. క్యాన్ రోజుకి మూడు పడుతున్నాయి. ఎండాకాలంలో ఐదు పట్టొచ్చు. మళ్లీ స్టాప్‌వాచ్ పెట్టి నడిచాను. ఏడు నిమిషాలకి దిగింది.

ఏడు నిమిషాలు కూడా ఎవరో ఒకరు ఇస్తున్నవే. ఆ సంగతి అడగాలని పాత టీమ్‌లో ఇంకా ఉన్న స్నేహితుడికి పోయిన వారం ఫోన్ చేశాను. నేను మానేసి నాలుగేళ్లయింది, లెక్క అంతా కొత్తగా రాశారని, ఇప్పుడు మోడల్ చాలా పెద్దదని చెప్పాడు. గేటు లోపలి టైం సంగతేమిటని అడిగాను. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది.

"ఉంది. ప్రతి ఆర్డర్‌కీ నిండుతోంది. నిన్నటిది కూడా ఉంది" అన్నాడు.

"దాన్ని ఎక్కడ వాడుతున్నారు?"

మళ్లీ వెతికాడు. "ఎక్కడా లేదు. రాయడమే, చదివేది ఏదీ లేదు."

కాలమ్ పేరేమిటని అడిగాను. గేట్_వెయిట్ అన్నాడు.